మల్లక్క చేనులో నీడ

పొద్దున ఏడున్నరకు గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటోలన్నీ వేపచెట్టు నీడన వరసగా నిలబడతాయి. వేపచెట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని కొట్టేసి మూడేళ్ళయింది. నీడ మాత్రం అక్కడే ఉంది. పొద్దుతో పాటు అది జరుగుతుంటే ఆటోలూ జరుగుతాయి, వాటి వెనకాలే చెప్పులు కుట్టే ముసలాయనా తన గొడుగు మడిచి పట్టుకుని జరుగుతాడు.

చెట్టు పోయాక పదేళ్ళు నీడ నిలవడం ఈ బొగ్గుబాయిల దిక్కు మామూలే. కొట్టిన రోజున ఎండకూ నీడకూ పది డిగ్రీల తేడా ఉంటుంది. తర్వాత ఏడాదికో డిగ్రీ తగ్గుతూ పోయి, పదో ఏట చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. వేసవిలో నలభై అయిదు దాటే ఊళ్ళో నీడ ఎందుకుందని అడిగే తీరిక ఎవరికుంటుంది? కూర్చోవడానికి చోటుందా అన్నదే అడుగుతారు.

ఆ నీడలోనే ఆటో ఎక్కి హర్షిణి రోజూ ఆఫీసుకు పోతుంది. లక్ష్మీనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం మీద రెండు గదుల ఆఫీసు. కూతురు చేసేది ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, బొగ్గుబాయిల్లో గాలి కొలిచే పని చేసి రిటైరైన ఆమె తండ్రి రఘుపతి, "సోయా గింజలకు పుట్టిన సర్టిఫికెట్ రాసిస్తది" అని ఛాతీ విరుచుకుని చెప్తాడు. పెద్ద అబద్ధమేం కాదు. 2020 డిసెంబరు ముప్పై ఒకటి తర్వాత అడవి నరికిన నేలలో పండిన సోయా యూరప్ దేశాల్లో అడుగుపెట్టకూడదని అక్కడివాళ్ళు చట్టం చేశారు. అందుకని ఏ గింజ ఏ చేనులో పండిందో, ఆ చేను హద్దులెక్కడో కంపెనీలు ముందే చూపాలి. హర్షిణి ఫోను చేత పట్టుకుని చేను చుట్టూ నడిస్తే మ్యాపు తయారవుతుంది. ఆమెకు ఈ పనంటే పిచ్చి ఇష్టం. గోలేటి దగ్గర పదిహేను మంది రైతుల చేలు నాలుగు రోజుల్లో తిరిగింది. కాళ్ళు బొబ్బలెక్కినా, జర్మనీలో ఎవరో తన అడుగుల గీత చూస్తారన్న సంబరంతో నడిచింది.

సోమవారం ఆ జర్మనీ నుంచే జవాబు వచ్చింది. పద్నాలుగు చేలకు పచ్చ గుర్తు. పదిహేనో చేనుకు ఎర్ర గుర్తు.

పదిహేనోది మల్లక్కది. ఉపగ్రహం తీసిన ఫోటోలో 2020లో ఆ చేను నల్లగా, దట్టంగా కనిపించింది. ఆ నలుపు ఏటికేడు పలచబడి ఇప్పుడు దాదాపు బోసిగా ఉంది. ఇంకేం, అడవి నరికారని కంప్యూటరు తేల్చేసింది. పైగా హర్షిణి గీసిన హద్దులో ఒక మూల ఎలుక కొరికినట్టు లోపలికి పోయింది. ఆ మూల తనది కాదని మల్లక్క చెప్పిందని ఆమె అలా గీసింది.

"పద్నాలుగు సాలు హర్షిణీ, ఆ ఒక్కటి తీసెయ్," అంది ఆఫీసు నడిపే రాజకుమారి మేడమ్. కఠినురాలేం కాదు, గడువు దగ్గర పడింది అంతే.

"మేడమ్, అది అడవి గాదు, పాత నీడ! ఆ తుమ్మలు, మోదుగులు 2018లనే కొట్టిండ్రు. చట్టానికి మస్తు ముందు. ఒక్కసారి లిస్టుల పేరు పోతే ఇంక ఏ మిల్లోళ్ళూ ఆమె గింజ కొనరు. ఆ చేను పక్కన మొరం మట్టి తవ్వేటాయన రెండేండ్ల సంది కాసుక్కూసున్నడు. పంట అమ్ముడువోకపోతే చేను ఆయనకు పోయినట్టే."

అంతటితో ఊరుకోలేదు. జర్మనీ కంపెనీ తరఫున హైదరాబాద్‌లో తనిఖీ చూసే వేణుమాధవ్‌కు ఇదే సంగతి రాసింది. జవాబు గంటలో వచ్చింది. 'నీడ గురించి మాకు తెలుసు. కానీ ఫారంలో నీడకు గడి లేదు. దాని వయసు రుజువు చేయగలిగితే చూస్తాను. గురువారం వస్తున్నాను.'

హర్షిణి ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. ఆకలి లేక కాదు, ఆగలేక. "బాపూ, నీ గిర్రున తిప్పే థర్మామీటరు ఎక్కడున్నది?" అని ఇల్లంతా వెతికించింది. బాయిలో గాలి వేడి చూడటానికి గిలక్కాయలా తిప్పే కొలత అది. రిటైరైన రోజున తోటివాళ్ళు కొత్తది కొని బహుమతిగా ఇచ్చారు. రఘుపతి దాన్ని బీరువాలోంచి తీసి, తుడిచి, కొత్త పెళ్ళికొడుకులా తానే ముందు తయారయ్యాడు.

గురువారం, మే ఇరవై ఒకటి. పన్నెండున్నరకు చేనులో నిలబడితే భూమి పెనంలా కాలుతోంది. వేణుమాధవ్ కారు దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట తక్కువ. మల్లక్క ప్లాస్టిక్ కవరులో కాగితాలు పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. చేను నిండా పలచటి నీడ, ఉతికి ఉతికి వెలిసిన చీరలా పరుచుకుని ఉంది.

రఘుపతి మొదట పక్క చేనులో ఎండన నిలబడి గిర్రుగిర్రున తిప్పాడు. "నలభై అయిదు!" అని బాయిలో కేకేసినట్టు కేకేశాడు. తర్వాత మల్లక్క నీడలోకి వచ్చి తిప్పాడు. "నలభై మూడు!"

"రెండు డిగ్రీలే మిగిలినయి సార్!" హర్షిణి ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఎనిమిది కరిగిపోయినయి. ఎనిమిదేండ్లు. 2018!"

వేణుమాధవ్ కూడా ఒకసారి తిప్పి చూశాడు. తల ఊపాడు. ఆ ఊపు చూసి హర్షిణికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగానే ఉందమ్మా. ఏడాదికో డిగ్రీ అన్నది రోడ్డు పక్క చెట్లకు అందరూ ఒప్పుకున్న లెక్క. ఇది నల్లరేగడి. ఇక్కడి గాలి వేరు, తేమ వేరు. ఈ నేలలో ఏడాదికి రెండు డిగ్రీలు తగ్గితే? అప్పుడు ఇవి నాలుగేళ్ళ కింద కొట్టినట్టవుతుంది. ఇదే నేలలో, కొట్టిన తారీఖు కాగితం మీద ఉన్న నీడ ఇంకొకటి చూపించండి. దాంతో పోల్చి ఒప్పుకుంటాను. లేకపోతే నా చేతిలో ఏం లేదు."

చెట్టు కొట్టిన తారీఖు ఎవరు రాసిపెట్టుకుంటారు? హర్షిణి తండ్రి వైపు చూసింది. ఆయన మల్లక్క వైపు చూశాడు. మల్లక్క నేల వైపు చూసింది. రాజకుమారి మేడమ్‌కు ఏం చెప్పాలో హర్షిణి అప్పుడే మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమటని తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

"ఆ మూల ఎవరిది?" అన్నాడు వేణుమాధవ్, మ్యాపు చూస్తూ.

"అది నాది గాదు సారూ," అంది మల్లక్క మరీ తొందరగా.

అప్పటికే ఎండకు తాళలేక రఘుపతి ఆ మూలకు నడిచాడు. అక్కడొక గుండ్రటి నీడ ఉంది, చిక్కగా, కంటికి ఇంపుగా. చేయి ఊరుకోదు కదా, తిప్పాడు. ఆయన ఈసారి కేక వేయలేదు. మెల్లగా వచ్చి కూతురికి మాత్రమే వినబడేలా చెప్పాడు. "నలభై బిడ్డా. ఐదు డిగ్రీల తేడా."

ఐదేళ్ళ కింద. 2021. చట్టం పెట్టిన తారీఖు తర్వాత. వేణుమాధవ్‌కు చెవులు మంచివే. ఆయన కూడా విన్నాడు.

మల్లక్క గట్టు మీద చతికిలబడింది. కవరు ఒడిలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

"నాదే సారూ. అబద్ధమాడిన. ఆడ ఇప్పచెట్టు ఉండె. కరోనాల మా ఇంటాయన సదానందం పోయిండు. రోగమని భయపడి ఒక్కలు రాలే. కట్టె అడిగితే ఎవ్వలియ్యలే. నేనూ, మా తమ్ముడూ ఆ ఇప్పచెట్టు కొట్టి ఆయన్ను కాలవెట్టినం. పచ్చి కట్టె. పొద్దంత కాలింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండువేల ఇరవై తర్వాత చెట్టు కొడితే పేరు తీసేస్తరని మీటింగుల ఈ బిడ్డనే చెప్పింది. అందుకే గా మూల దాసిన. ఆ ఒక్క చెట్టు కోసం నా చేను తీసెయ్యకు సారూ."

హర్షిణికి తల దించుకోవాలనిపించింది. మీటింగులో తారీఖు చెప్పింది నిజమే. అడవి అంటే ఎకరంపైన నేల నిండా చెట్లుండాలని, గట్టు మీద ఒక్క చెట్టు అడవి కాదని చెప్పడం మాత్రం మరిచిపోయింది. తను మింగేసిన ఆ ఒక్క మాట వల్ల ఈమె సొంత మొగుడి నీడను సొంతం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

"పెద్దమ్మా, తప్పు నాది. ఒక్క చెట్టుకు ఏం గాదు. నేనే చెప్పలే..." అంటూ ఆమె పక్కన కూర్చున్న హర్షిణి మాట మధ్యలో ఆగిపోయింది. నేల కాలుతున్నా లేవలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. "పెద్దమ్మా! పెద్దనాయన పోయింది ఏ తారీఖు?"

"మే పందొమ్మిది. మొన్ననే ఐదేండ్లు నిండినయి."

"కాగితం ఉన్నదా?"

మల్లక్క కవరులోంచి పాసుబుక్కు తీసింది, ఆధార్ తీసింది, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన మరణ ధ్రువపత్రం తీసింది. హర్షిణి దాన్ని విప్పి వేణుమాధవ్ కళ్ళ ముందు పెట్టింది. గొంతు ఊరి దాకా వినబడేంతగా లేచింది.

"సార్, ఇదే నేల! ఇదే రేగడి! సర్కారు ముద్రేసిన తారీఖు! ఐదేండ్లు, ఐదు డిగ్రీలు. ఏడాదికి ఒక్కటే తగ్గింది సార్, ఒక్కటే!"

వేణుమాధవ్ థర్మామీటరు అడిగి తీసుకున్నాడు. ఎండలోకి వెళ్ళి తిప్పాడు, గుండ్రటి నీడలోకి వెళ్ళి తిప్పాడు, మళ్ళీ ఎండలోకి వెళ్ళాడు. అలా మూడుసార్లు తిరిగేసరికి ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడుసార్లూ ఐదే. తర్వాత అది ఒక్క చెట్టు నీడేనా అని అడుగులతో చుట్టుకొలత చూశాడు. ట్యాబు తెరిచి ఏదో కొట్టాడు, ఆగాడు.

"పోల్చి చూసిన నీడకు ఏదో ఒక పేరు పెట్టాలి. ఏం రాయమంటావమ్మా? ఇప్పచెట్టు అనా?"

మల్లక్క ఆ మూల వైపు చూసింది. "సదానందం అని రాయి సారూ."

ఆయన అలాగే రాశాడు. ఎర్ర గుర్తు ఉన్నచోట పచ్చ గుర్తు పడింది. "ఈ చుట్టుపక్కల ఇకముందు ఏ చేనుకు నీడ పేచీ వచ్చినా దీంతోనే పోలుస్తాం," అన్నాడు, ట్యాబు మూసి. "ఆ మూలను కూడా హద్దులో కలిపి మళ్ళీ గీయమ్మా."

రఘుపతి ఆనందం పట్టలేక ఉత్తినే థర్మామీటరు గిర్రున తిప్పాడు. హర్షిణి ఫోను తీసి, మూల నుంచి మొదలుపెట్టి చేను చుట్టూ పరుగు లాంటి నడక నడిచింది. ఆమె తిరిగొచ్చేదాకా మల్లక్క గట్టు మీంచి లేచి అక్కడే నిలబడి ఉంది.

"నా పేరు ఉన్నట్టేనా బిడ్డా?"

"ఉన్నది పెద్దమ్మా. నీదీ ఉన్నది, పెద్దనాయనదీ ఉన్నది."

మల్లక్క నవ్వింది. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని ఆపుకునే ప్రయత్నమేం చేయలేదు. గట్టు మీది సద్దిమూట అందుకుని మూలకు నడిచి, నీడ నడుమన కొంగుతో నేల దులిపి, చొక్కా తడిసి ఎండలోనే మొహమాటంగా నిలబడ్డ వేణుమాధవ్‌ను కేకేసింది.

"రా సారూ, కూసో. మా ఇంటాయన నీడనే. ఇంకో ఐదేండ్లు ఉంటడు."