రెండో గీత

రక్తపరీక్షలు చేసే సూదమ్మ ఆ బాలింత ఉంగరపు వేలు పట్టుకుని సూదితో పొడిచింది. వచ్చిన రక్తపు బొట్టును తెల్లటి పట్టీ మీది గుంతలో వేసి, దాని పక్కన మందు చుక్కలు వేసింది. ఇక చూడటమే. ఒక గీత వస్తే ఇంటికి, రెండు గీతలు వస్తే మళ్ళీ షెడ్డులోకి.

సొరంగం తవ్వే ఆ సైటులో న్యాయమంతా ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలోనే ఉండేది. ఒంట్లో మలేరియా ఉందో లేదో పావుగంటలో చెప్పే పట్టీ అది. మంచి వస్తువే, దాని తప్పేమీ లేదు. అది పడ్డ చేతులు అలాంటివి.

జ్వరం వచ్చినవాళ్ళను కాంట్రాక్టరు పాత సిమెంటు గోడౌను షెడ్డులో పెట్టి తాళం వేయించాడు. బిళ్ళలు ఇచ్చారు, నిజమే. జ్వరాలు కూడా దిగాయి. అయినా తాళం తీయలేదు. రెండో గీత పోయేదాకా పంపం, మిగతావాళ్ళకి అంటుకుంటుంది అన్నారు. పోనీ ఊరికే కూర్చోనిచ్చారా అంటే అదీ లేదు. ఇనుప చువ్వలు లోపలికి పంపి కాంక్రీటులో వేసే రింగులు వంచమన్నారు. తిండి పెడుతున్నాం కదా, కూలెందుకు అన్నారు. దోమతెరలు అడిగితే నవ్వారు. షెడ్డు వెనక గుంటల్లో నీళ్ళు పచ్చగా నిలిచి ఉండేవి. సాయంత్రమైతే దోమలు ముసిరేవి. ఆ కాంట్రాక్టరు దయ తగలెయ్య, జైల్లోనైనా శిక్ష ఎప్పుడు అయిపోతుందో చెబుతారు.

మాట్లాడకుండా క్షణం ఉండలేదని ఆ బాలింతను అందరూ గలగల అని పిలిచేవారు. షెడ్డులోకి వచ్చాక ఆ నోరు మూతపడింది. పాలు తాగే కూతురు బయట రేకుల గుడిసెలో అత్త దగ్గర ఉంది. పాలతో బిడ్డకి జ్వరం ఎక్కుతుందని సైటు మేనేజరు అన్నాడు. సూదమ్మ ఆ పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. మొదట్లో గలగల పాలు గోడకేసి పిండుకుని ఏడ్చేది. తిండి తగ్గిస్తే రక్తం పలచబడుతుంది, దాంతో గీతా పలచబడుతుందని ఎవరో చెప్పారు. ఆమె తన ముద్ద పక్కవాళ్ళకు పెట్టేయడం మొదలుపెట్టింది. నిజంగానే పరీక్ష పరీక్షకీ గీత వెలిసిపోతూ వచ్చింది. తన ఆకలి పనిచేస్తోందనుకుంది పిచ్చితల్లి. పాలు కూడా తగ్గిపోతున్నాయి.

"ఒళ్ళు చల్లగా ఉంది, రాళ్ళు తిన్నా అరిగించుకునేలా ఉన్నాను. ఇంకా నన్నెందుకు పెట్టారిక్కడ?" అనేవాడు డ్రిల్లరు. సొరంగంలో డ్రిల్లు పట్టే మనిషి.

"గీత ఉంది కదరా," అనేవాడు రింగులు వంచే పెద్దాయన.

"ఉంటే?"

"మన రక్తంలో ఉన్నదే కదా అది చూపించేది. మన రక్తంతో మనం ఏం కొట్లాడతాం?"

మేస్త్రీతో కొట్లాడవచ్చు, పోలీసుతో కొట్లాడవచ్చు. సొంత రక్తమే ఎదురు సాక్ష్యం చెబితే మనిషి ఎటు పోతాడు? అందరూ తల వంచుకుని రింగులు వంచేవాళ్ళు. గోడ అవతల సొరంగంలో డ్రిల్లు మోత మాత్రం పగలూ రాత్రీ ఆగేది కాదు.

ఇదిగో, ఈసారి కూడా పట్టీ మీద రెండో గీత తేలింది.

"కనపడీ కనపడనట్టుంది కదక్కా," అంది గలగల.

"ఉంది కదా. లోపలికి వెళ్ళు," అంది సూదమ్మ, ఆమె ముఖం చూడకుండా.

షెడ్డు చుట్టూ ఉన్న కంచె అవతల నుంచి అత్త గొంతు వినబడింది. "కోడలా, డబ్బా పాలు కక్కేస్తోందే ఇది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దీనికి." బిడ్డను రెండు చేతులా పైకెత్తి చూపించింది. బిడ్డ తల ఒక పక్కకి వాలిపోయి ఉంది.

గలగల షెడ్డు గుమ్మం ముందు చతికిలబడింది. "నేను లోపలికి పోను," అంది.

డ్యూటీ మారే సమయం కావడంతో సొరంగంలోంచి వచ్చేవాళ్ళు కంచె దగ్గర ఒక్కొక్కరే ఆగిపోయారు. కాపలావాళ్ళు లాగబోతే షెడ్డులోవాళ్ళు తీసి ఉన్న తలుపులోంచి వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. మేనేజరు జీపు దిగి వచ్చాడు.

"నీ ఒక్కదాని కోసం అందరినీ చంపుకోమంటావా? ఇది నా మాట కాదమ్మా, సైన్సు మాట. గీతకి పేదా గొప్పా తేడా లేదు."

"తేడా లేకపోతే మీ వేలూ ఇవ్వండి సారూ," అంది గలగల. ఎన్నాళ్ళకో ఆ నోరు తెరుచుకుంది. "మీకూ జ్వరం వచ్చిందనీ, పట్నంలో మందులు వాడి వచ్చారనీ మీ డ్రైవరే చెప్పాడు. మీరు ఏ షెడ్డులో పడుకున్నారు?"

కంచె అవతల ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మేనేజరుకి రోషం వచ్చింది. జ్వరం పోయి వారాలైంది, ఇక గీత రాదన్న ధీమా కూడా ఉంది. వేలు చాపాడు.

అందరూ పట్టీ మీద కళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. ఒక గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కన పలచగా రెండోది వచ్చింది.

"తాళం ఎటుందిరా? సారుని లోపల పెట్టండి," అన్నాడు డ్రిల్లరు.

"ఇది పాత గీత," అని అరిచాడు మేనేజరు. "నాకు తగ్గిపోయింది. మలేరియా పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు ఈ గీత వస్తూనే ఉంటుంది. సూదమ్మా, మొన్న నువ్వే చెప్పావుగా, వీళ్ళకీ చెప్పు."

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి అర్థం కాలేదు.

"మరి మా గీతల సంగతి?" అంది గలగల.

సూదమ్మ చేతిలోని పట్టీ కింద పెట్టింది. "మీవీ పాతవే అయ్యుండొచ్చు," అంది. "తగ్గిందో లేదో ఈ పట్టీ చెప్పలేదు. రక్తం గాజు పలక మీద రాసి మైక్రోస్కోపులో చూడాలి. అలా చూడొద్దన్నారు. నేను ఊరుకున్నాను."

"మా పిల్లలకి అంటుకుంటే ఎవరిది పూచీ?" అంది కంచె అవతల ఒకామె.

"మనిషి నుంచి అంటుకోదు, పాలతో రాదు. దోమ కుడితేనే. ముందు ఆ గుంటలు పూడ్చాలి, తెరలు ఇవ్వాలి," అంది సూదమ్మ.

"నీ ఉద్యోగం ఊడింది," అన్నాడు మేనేజరు.

"ఊడనివ్వండి."

పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "అయితే మన రక్తం మన మీద సాక్ష్యం చెప్పలేదురా. వీళ్ళే చెప్పించారు," అన్నాడు. ఆయనే ముందు చువ్వ అందుకుని తాళం మీద కొట్టాడు. తలుపు తెరిచే ఉంది, తాళం గొళ్ళేనికి వేలాడుతోంది. అయినా అది ముక్కలయ్యేదాకా కొట్టాడు. కంచె అవతలివాళ్ళు కంచె లాగి పడేశారు. గలగల బిడ్డను అందుకుని రొమ్ముకి పెట్టుకుంది. బిడ్డ కాసేపు పట్టుకుని, ఏమీ రాక వదిలేసింది. ఆడవాళ్ళు తమ తమ గిన్నెలు తెచ్చి గలగల ముందు పెట్టారు. ముందు నువ్వు తినవే, తింటేనే వస్తాయి అన్నారు.

మర్నాడు పొద్దున పోలీసు వ్యాను వచ్చింది.

"తాళం పగలగొట్టిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెద్దాయన సూది గుచ్చిన వేలు పైకెత్తాడు. పక్కనే డ్రిల్లరు ఎత్తాడు. గలగల ఎత్తింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోనివాళ్ళు ఎత్తారు. సూదమ్మ తన వేలూ ఎత్తింది. అందరినీ ఎక్కించడానికి వ్యాను చాలదు కాబట్టి ముందున్న ముగ్గురినీ ఎక్కించారు. బిడ్డను గలగల వదలలేదు. మిగతావాళ్ళు వెళ్ళి సొరంగం నోటి ముందు బైఠాయించారు. గుంటలు పూడ్చేదాకా, తెరలు ఇచ్చేదాకా, వీళ్ళు తిరిగొచ్చేదాకా లోపలికి పోము అన్నారు.

వ్యాను తలుపుకి బయటి నుంచి గడియ పడింది. మళ్ళీ అదే చీకటి, అదే ఇనుము వాసన. గలగల బిడ్డను రొమ్ముకి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏడుస్తున్నావా తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"లేదు బాబాయ్. వినండి."

పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. "ఏమీ వినపడటం లేదే," అన్నాడు.

ఆయన కంటే ముందు డ్రిల్లరు గ్రహించాడు. సొరంగంలో మోత ఆగిపోయింది. అది ఆగింది కాబట్టి, బిడ్డ గుటక వేయడం ముగ్గురికీ వినబడింది.