అవతల పొద్దు గూకేలోపు

భాగీరథి తన గొంతు తాను ఎన్నడూ వినలేదు. పెళ్ళికి ముందు సిరిసిల్లలో, నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళ పాటలను హైదరాబాదు రేడియోవాళ్ళు వచ్చి యంత్రంలోకి ఎక్కించుకుపోయారు. అందులో ముందు గొంతు ఆమెదే. ఆ వెంటనే పెళ్ళయి, సోమలింగం వెంట సూరత్ వచ్చి గోడాదరాలో కాపురం పెట్టింది. ఇన్నాళ్ళకు ఆమె అన్న ఫోను చేశాడు. గురువారం హైదరాబాదు రేడియోలో, పల్లెటూళ్ళ కార్యక్రమంలో ఆ పాట వేస్తారట.

ఆ మాట విన్నప్పటి నుంచి సోమలింగానికి అన్నం సయించలేదు. రోజూ మగ్గాల డ్యూటీ దిగి, బాగా చీకటి పడ్డాక రేడియో పెడితే హైదరాబాదు ఉండాల్సిన చోట సరిహద్దు అవతలి దేశపు స్టేషన్ గర్జిస్తుంది. తెలుగు ఎక్కడో దాని అడుగున నలుగుతుంది. జరీ కార్ఖానావాళ్ళు పారేసిన రాగి తీగ ముక్కలు తెచ్చి, తెగిన పోగులు అతికే ఒడుపుతోనే ముడేసి, డాబా ఈ కొస నుంచి ఆ కొసకు ఏరియల్‌లా కట్టాడు. అవతలి గొంతు ఇంకా లావెక్కింది.

"మస్తు చేసినవ్ పో! ఆయన్ని తెచ్చి మనింట్లనే కూసోవెట్టినవ్," అంది భాగీరథి. నవ్వుతూనే అంది గానీ ఆ పూట మళ్ళీ రేడియో వైపు చూడలేదు.

బుధవారం సోమలింగం భుజంగరావును తీసుకొచ్చాడు. ఆయన కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ఉద్యోగి, బతుకమ్మ పండుగలో పరిచయం. డాబా ఎక్కుతూనే ఆయన తీగ వంక చూసేసరికి సోమలింగం గబగబా దాని ముడి దగ్గరికి నడిచాడు.

"సార్, దీనికి లైసెన్సు గావాల్నా? ఇప్పుడే ఇప్పేస్త."

"వినే రేడియోకి లైసెన్సు ఎప్పుడో ఎత్తేశారయ్యా. అయినా విప్పెయ్. అది వాళ్ళని కూడా లాక్కొస్తోంది." భుజంగరావు రేడియోను అటూ ఇటూ తిప్పి చూశాడు. అవతలివాళ్ళు తగ్గితే హైదరాబాదూ తగ్గింది. "ఈ రెండు స్టేషన్లూ ఒకే గీత మీద మనకు అటొకటి, ఇటొకటి. తిప్పి లాభం లేదు."

"మన సర్కారు అడగదా సార్?"

"అడక్కేం? రేడియోలో ఆ నంబరు మాదంటే మాదని రెండు దేశాల మధ్యా ఏళ్ళ తరబడి తగువు. అది తేలేసరికి మీ ఆవిడ పాట అయిపోతుంది. ఇంతకీ ఎన్నింటికి వేస్తారు?"

"దీపాలు వెట్టే యాళకట."

భుజంగరావు పడమటికి చూశాడు. "దూరపు స్టేషన్లను ఆకాశం చీకట్లోనే మోస్తుంది. హైదరాబాదులో మనకంటే ముందు పొద్దు గూకుతుంది. అవతల మన తర్వాత గూకుతుంది. ఆ నడుమ హైదరాబాదు ఒక్కటే వినబడే కాసింత సందు. మీరు ఆ వేళ ఎప్పుడూ పెట్టి ఉండరు."

నిజమే. ఆ వేళకు సోమలింగం ఎప్పుడూ మగ్గాల మోతలోనే ఉంటాడు.

గురువారం మగ్గాలు తోటి పనివాడు బిక్షపతికి అప్పగించి ఇంటికి ఉరికాడు. భాగీరథి తలంటుకుని, పండుగ చీర కట్టుకుని డాబా మీద కూర్చుంది. భుజంగరావు కూడా వచ్చాడు. మిల్లు పొగగొట్టాల వెనక పొద్దు దిగింది. రేడియోలో ఉత్త గరగర. తర్వాత, ఎవరో తలుపు తీసినట్టు, తెలుగు!

అవతలివాళ్ళు లేరు. కానీ పత్తి పురుగు మీద ప్రసంగం సాగుతోంది. పడమట ఎరుపు పలచబడుతున్నా ప్రసంగించే ఆయన మందుల పేర్లు వదలడు.

"ఓ సారూ, పురుగు సచ్చింది గద, ఇగ జర దిగు!" అని భాగీరథి రేడియో మీద చెయ్యి వేసింది.

ఆయన దిగాడు. రాట్నం చప్పుడు. 'కండె నిండనియ్యవే రాట్నమా, కడుపు సంగతి తర్వాత...'

భాగీరథి రేడియోను చూడలేదు. తలెత్తి తూర్పు ఆకాశాన్ని చూసింది. "గంత సన్నగుంటదా నా గొంతు?"

సోమలింగం రేడియోకు ఇంకా దగ్గరగా జరిగాడు. రోజూ తనను అన్నానికి పిలిచే గొంతు. గోదావరినీ, అన్ని కొండలనూ దాటి, ఏ బండీ ఎక్కకుండా వచ్చి తన డాబా మీద వాలింది. పిలిచే మనిషి పక్కనే ఉంది!

రెండో చరణం సగంలో ఇంకేదో పాట అడుగు నుంచి పైకి తేలింది. కాసేపు రెండూ కలిసి నడిచాయి. తర్వాత భాగీరథి మునిగిపోయింది.

"అయిపాయె," అన్నాడు సోమలింగం.

"మనకు," అన్నాడు భుజంగరావు. "అటువైపు ఇప్పుడే చీకటి పడింది. మన హైదరాబాదు తమ మీద పడుతోందని వాళ్ళ ఫిర్యాదు. ఇప్పుడు ఈ పాట వాళ్ళ పాట కింద నలుగుతూ ఉంటుంది."

"నా పాటనా? గాళ్ళ ఇండ్లల్లనా?"

భాగీరథి కొంగు తల మీదికి లాక్కుంది. పడమటి వైపు తిరిగి, పాట ఎక్కడ మునిగిందో అక్కడి నుంచి అందుకుని, కొస దాకా పాడింది.