మసి పట్టని ఆకు

నాయన పోయిన ఇరవయ్యో రోజున మఠానికి వెళ్లాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూసుకున్నాను కూడా. నేనుండే చిత్తూరులో బస్సెక్కి, కార్వేటినగరంలో దిగి ఆటో ఎక్కితే, ఆటో అతను మఠం చూడ్డానికొచ్చినారా అని అడిగాడు. అవునన్నాను.

ఐదారు వందల ఏళ్లనాటి తాటాకు పుస్తకాలున్న మఠం అది. పాడైపోతున్నవాటిని చూసి కొత్త ఆకుల మీద మళ్లీ రాయడం మా నాయన ఆదిమూలం పని. ఇనుప మొనున్న గంటంతో గీసిన అక్షరం కంటికి ఆనదు. నూనెలో కలిపిన మసి రుద్ది తుడిస్తేనే తేలుతుంది. చిన్నప్పుడు ఆ రుద్దేది నేనే. జోయల్‌ను పెళ్లి చేసుకున్నాక నన్ను గడప తొక్కనివ్వలేదు. తొమ్మిదేళ్లు మాటల్లేవు. పోయేముందైనా ఒక మాట అంటాడనుకున్నాను. కబురే దహనమయ్యాక వచ్చింది.

పుస్తకాలు చూసుకునే రఘునాథ్, నాయన చివరగా రాసిన పుస్తకంలో ఆఖరాకు తెచ్చి నా ముందు పెట్టాడు. ఏమీ రాయనట్టే ఉంది.

"ఆస్పత్రికి పోయే ముందురోజు రాసినాడమ్మా. దీనికి మసి మా బిడ్డ మోహనే పట్టల్ల, ఇంకెవురూ ముట్టుకోవద్దు అనినాడు. అందుకే పిలిపించినాను."

అప్పుడు మాత్రం ఆశ పుట్టింది. నా పేరుంటుందనుకున్నాను, సిగ్గులేకుండా. బొటనవేలితో మసి రుద్ది, గుడ్డతో తుడిచాను. పుస్తకం పేరు, తేదీ, ఆయన పేరు తేలాయి. కింద ఇంకో వరుస: 'తప్పులున్న మన్నించవలెను.'

నా పేరు లేదు.

"ఇది పుస్తకం చివర అందురూ రాసేదే గదన్నా," అన్నాను.

రఘునాథ్ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "అందురూ రాస్తారమ్మా. మీ నాయన రాయడు. ముప్పై పుస్తకాలు రాసినాడు, ఒకదాంట్లో గూడా ఈ మాట లేదు. తప్పు చేస్తే గదప్పా మన్నించమనేది అని మాతో కొట్లాడతా ఉండె."

ఆకును వెలుతురులో పెట్టి అక్షరం అక్షరం వెతికాను. ఒక్క తప్పూ దొరకలేదు. రఘునాథ్ మజ్జిగ తెచ్చిచ్చాడు. తాగాను. కాసేపటికి కోపమొచ్చింది, ఆయన మీద, ఆ నున్నటి అక్షరాల మీద.

"ఈడినుంచి చిత్తూరు ఎంతసేపన్నా?"

"గంటన్నరమ్మా."

"తొమ్మిదేండ్లలో ఒక్క పొద్దు రాలేకపోయినాడా?"

రఘునాథ్ ఆకును తీసి గుడ్డలో చుట్టసాగాడు. ఆ తొమ్మిదేళ్లూ నేనూ రాలేదు మరి.