జుమాదిల్ అధ్యాయంలో చివరి పంక్తి

మా కొండల ఊరు నారిన్‌లో ఎవరింట్లో సంవత్సరీకం విందు జరగబోతున్నా ముందుగా కబురు వచ్చేది నాకే. గుర్రాన్ని కోసే మనిషి దొరక్కపోయినా సర్దుకుంటారు గానీ, వచ్చినవాళ్ల చేతిలో వంశావళి పుస్తకం పెట్టకపోతే ఈ రోజుల్లో పరువు పోయినట్టే. బజారు ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని ఆ పుస్తకాలు కూర్చిపెట్టేది నేను. నా పేరు సయ్‌కల్. నాకు నోరెక్కువని ఊళ్లో అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈసారి పని తెచ్చింది సగినాలీ పెద్దాయన. ఆయన తమ్ముడు జుమాదిల్ పోయి ఏడాది కావస్తోంది. వాళ్లు నలుగురన్నదమ్ములు. ఏ శాఖ గురించి ఆ ఇంటివాళ్లే రాయాలని పంచుకున్నారట, నాలుగు ఫైళ్లు వచ్చాయి. ఒకరు స్పేసులు కొట్టి కొట్టి పేర్లన్నీ పుట మధ్యకి నెట్టారు. ఇంకొకరు పేరుకో రంగు పులిమారు. మూడోదాన్ని తెరిస్తే సగం అక్షరాలు చతురస్రాలై కూర్చున్నాయి. అందరినీ పేరు పేరునా తిట్టుకుంటూ సాపు చేశాను.

ఆ తర్వాత నాలుగింటినీ ఒక పుస్తకం కిందకి చేర్చాను. ఫైళ్లు వేటికవే ఉంటాయి. వాటిని వరసలో పెట్టి, మొదటిదాని అచ్చు తీరే మిగతావాటికీ వేసి, పుటల సంఖ్యలు ఈ చివర నుంచి ఆ చివర దాకా కంప్యూటరే వేసుకుపోతుంది. ఆఖర్న, ఏ పేరు ఏ పుటలో ఉందో చెప్పే పేర్ల పట్టిక కూడా అదే తయారు చేస్తుంది. ఆ పట్టికలో ఎర్మెక్ పేరు పక్కన రెండు పుటలు పడ్డాయి.

రెండుచోట్లా ఉన్నది ఒకే మనిషి. మూడో అధ్యాయంలో బెక్తుర్గన్ కొడుకు ఎర్మెక్. రెండో అధ్యాయం చివరి పంక్తిలో జుమాదిల్ కొడుకు ఎర్మెక్.

ఇదేమీ గుట్టు కాదు, ఊరంతటికీ తెలుసు. మూడో తమ్ముడు బెక్తుర్గన్‌కి, అతని భార్య ఉర్కుయాకి పిల్లల్లేరు. జుమాదిల్ భార్య అసిల్‌కన్ తన తొలిచూలు కొడుకుని పొత్తిళ్లలో ఉండగానే వాళ్ల చేతుల్లో పెట్టింది. మాలో అది మామూలే. ఇచ్చినవాళ్లు ఆ తర్వాత నా బిడ్డ అనకూడదు, అంతే. నీకేం, చిన్నదానివి, ఇంకా పుడతారని అత్తగారు ధైర్యం చెప్పిందట. పుట్టారు. అందరూ ఆడపిల్లలే. వంశావళిలో ఆడపిల్లల్ని ఎక్కించరు. ఆ ఒక్క పంక్తీ తీసేస్తే జుమాదిల్ వంశం జుమాదిల్‌తోనే సరి.

సగినాలీకి ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు.

"తీసెయ్యమ్మా. విందులో అందరి ముందూ పైకి చదువుతారు. ఉర్కుయా వింటుంది. అసలే గుండె జబ్బు మనిషి."

"మరి జుమాదిల్ గారి పేరు కింద ఏముంటుంది?"

"ఏముంటుంది, ఏమీ ఉండదు."

"కూతుళ్ల పేర్లు వెయ్యండి."

"వాళ్లు వెళ్లిన ఇళ్ల పుస్తకాల్లో ఉంటార్లే."

"ఆ పుస్తకాలు చేసేదీ నేనే పెద్దాయనా. ఇంతవరకూ ఒక్క కోడలూ ఎక్కలేదు."

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధి తక్కువ," అంటూ టోపీ సర్దుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఎర్మెక్‌నే అడుగు. వాడెలా అంటే అలా చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నం ఎర్మెక్ వచ్చాడు. బిష్కెక్‌కి వ్యాను నడుపుతాడు, అతనికీ తల నెరిసింది. వెంట, ఆ పంక్తి రాయించిన అసిల్‌కన్ అవ్వ ఉంది. అచ్చులో ఎలా పడిందో ఒకసారి చూస్తానందట. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ నా పక్కన కూర్చుని తెర మీద వేలు పెట్టింది.

"ఇదేనా తల్లీ?"

"ఇదే అవ్వా."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "బాగా పడింది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బావగారు తీసెయ్యమన్నారట కదా. ఎవరి కొడుకని రాసినా తాత ఒక్కడే, పై తరాలన్నీ అవే. ఒక్క పంక్తి ఎక్కువైతే ఎవరికేం నొప్పి? పిల్లాణ్ణి తిరిగిమ్మన్నానా? మా ఆయన పేరు కింద ఖాళీగా ఉండకూడదని, అంతేగా."

నా మనసంతా ఆవిడ వైపే ఉంది, దాచుకోను. "ఎర్మెక్, నువ్వు ఊఁ అను చాలు. ఉంచేస్తాను. ఎవరొచ్చి అడుగుతారో చూస్తాను," అన్నాను.

అతను ఆవిడ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, అమ్మకి ఎవరో చెప్పేశారు. తిండి లేదు, నిద్ర లేదు. వాళ్ల బిడ్డని వాళ్లు తీసేసుకుంటున్నారా అని ఒకటే మాట. నేనేం చెప్పను ఆవిడకి?"

అసిల్‌కన్ తెర మీది వేలు తియ్యలేదు. "నువ్వేమంటావు నాన్నా?"

"నేను ఆవిడ దగ్గర పెరిగాను పెద్దమ్మా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"తీసెయ్ తల్లీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదంటే చెప్పలేను. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పంక్తి తీసేశాను. కొత్త పుట మీద అదొక్కటే ఉండింది గనక ఆ పుట కూడా పోయింది. తర్వాతి అధ్యాయాలు ఒక్కో పుట ముందుకి జరిగాయి, సంఖ్యలన్నీ వాటంతటవే మారాయి. ఆవిడ కళ్లు తిప్పకుండా చూసింది.

"దాని చోటు ఖాళీగా ఉంటుందా?"

"ఉండదవ్వా. వెనకవి ముందుకొచ్చేస్తాయి. అక్కడ ఒకటి ఉండేదని కూడా ఎవరికీ తెలీదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ తల ఊపింది.

"మీకొక్కరికే పాత పుటతో ఒక పుస్తకం వేసిస్తానవ్వా. మూడో మనిషికి చెప్పను," అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ మొహం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు చూసే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

"వద్దు. రేపు నేను పోయాక ఎవరో తెరుస్తారు. అప్పటికి ఉర్కుయా ఉంటే? తెలిసి తెలిసి ఇచ్చాను తల్లీ. ఇచ్చింది మళ్లీ మళ్లీ అడక్కూడదు."

తలగుడ్డ సర్దుకుని లేచింది. ఎర్మెక్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. మెట్టు దిగుతూ ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను పెద్దమ్మా. అమ్మ పెట్టింది."

"మంచిది," అంది అసిల్‌కన్. "మంచిది నాన్నా."

అతను ఆవిడని జాగ్రత్తగా వ్యాను ఎక్కించి తలుపు వేశాడు. వాళ్లు వెళ్లాక నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. సాయంత్రం పుస్తకాన్ని ప్రెస్సుకి పంపేశాను. పేర్ల పట్టికలో ఎర్మెక్ పక్కన ఇప్పుడు ఒక్క పుటే ఉంది.