అరచేయి చల్లారేలోగా

ఐదు గుళ్లూ అరచేయి కప్పేంత చోటులో పడితే మా స్కోపుల విభాగం నిలబడుతుంది. ఒక్కటి పక్కకు పోయినా రేపటి నుంచి నేనూ మా వదినా అట్టపెట్టెలకు టేపు అంటించుకోవాలి. యజమాని నవ్వుతూనే చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పాడంటే ఖాయమన్నమాట.

మేం చేసేది తుపాకి మీద బిగించే థర్మల్ స్కోపు. దానికి వెలుగుతో పనిలేదు, వేడిని చూస్తుంది. మామూలు గాజు ఆ వేడిని రానివ్వదు కనుక జెర్మేనియం అనే అర్ధలోహపు కటకం పెడతాం. కంటికది మూకుడు మూతలా అడ్డుపడుతుంది గానీ వేడికి మాత్రం తలుపు తీసేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం ఏడేళ్లుగా నేనే చెబుతున్నాను.

అంతటిదాన్ని, తనిఖీ అధికారి మెచ్చుకోవాలని తెల్లకాగితం మీద నల్లటి వలయాలు ముచ్చటగా గీశాను. బోర్డుకు అంటించాను. తుపాకి పేల్చేది మా బాబాయ్. యాభై గజాల దూరంలో పడుకుని స్కోపులోకి చూశాడు.

"అమ్మడూ, ఎక్కడ కాల్చమంటావ్? నాకు ఉత్త కాగితమే కనిపిస్తోంది."

నీడలో ఉన్న కాగితానికీ సిరాకూ వేడి ఒకటే! మధ్యలో అంటించాల్సిన, బ్యాటరీతో వేడెక్కే పట్టీ వర్క్‌షాపులో నా బల్ల మీదే ఉండిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే. సిగ్గుతో చచ్చిపోయాను.

"తుపాకి ఖాళీయేగా మామయ్యా?" అంది వదిన. బాబాయ్ తుపాకిలో గుళ్లు పెట్టే చోటు తెరిచి, ఖాళీగా ఉందని చూపించాడు. వదిన బోర్డు దగ్గరికెళ్లి, కాగితానికి అరచేయి అదిమి, ఇరవై లెక్కపెట్టి, చెప్పులు వదిలేసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"దొరికింది! ఐదు వేళ్లూ మెరుస్తున్నాయే!" అన్నాడు బాబాయ్. తుపాకి ఐదుసార్లు పేలి ఆయన భుజాన్ని తన్నింది. కాగితం తెచ్చి చూస్తే రంధ్రాలన్నీ ఒక్కచోటే ఉన్నాయి, కానీ వలయానికి జానెడు కింద.

"ఫెయిల్," అన్నాడు అధికారి.

"మా వదిన పొట్టిది సార్! చెయ్యి అక్కడిదాకే అందింది!"

"చెయ్యి ఎక్కడ వేసిందో నాకేం తెలుసమ్మా? కాగితం మీద గుర్తేదీ?"

వదిన ఊరుకోలేదు. "అయితే మీ చెయ్యే వేయండి సార్. ఎక్కడ వేశారో మీకు తెలుస్తుందిగా."

ఆయన గడియారం చూసుకున్నాడు, మా ముఖాలు చూశాడు, ఏమనుకున్నాడో కదిలాడు. కొత్త కాగితం మీద సరిగ్గా నడిమి వలయంలో చెయ్యి అదిమాడు. తర్వాత హుందాగా నడిచి రాబోయాడు.

"నడవకండి సార్, చల్లారిపోతుంది!" అని ముగ్గురం ఒకేసారి అరిచాం.

అధికారి పరుగెత్తాడు. టై భుజం మీదికెక్కింది, జేబులో పెన్ను ఎగిరిపడింది, సగం దారిలో ఆయనకు నవ్వొచ్చేసింది. ఆయన గీత దాటి మా వెనక్కి వచ్చాకే బాబాయ్ గుళ్లు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

అందరం బోర్డు దగ్గరికి ఉరికాం. ఆయన తను మొదట వేసిన చోటే అరచేయి ఆనించాడు. ఒక్క రంధ్రం కూడా బయటికి కనబడలేదు. నేనూ వదినా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ గిర్రున తిరిగాం.

ఆయన నా పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. కాగితం నా చేతికిచ్చి, బాబాయ్ వైపు కాస్త మొహమాటంగా చూశాడు.

"ఇంకొక్కసారి పరుగెత్తనా?"