తొక్కు అంటే ఏది తొక్కాలి

కారు కడగడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఆ పని పెళ్ళైన మొదటి వారమే నాకు వచ్చేసింది. నిజం చెప్పాలంటే నాకది ఇష్టమే. తడిగుడ్డతో అద్దం తుడుస్తుంటే లోపల స్టీరింగు కనపడుతుంది. కాసేపట్లో దాన్ని నేను పట్టుకుంటాననుకుంటే గుడ్డ ఇంకా గబగబా ఆడుతుంది. ఆదివారం పొద్దున మా ఆయన నాకు డ్రైవింగు నేర్పిస్తారు. ఆయన ఆఫీసు నడిచి వెళ్ళే దూరం. కారు వారమంతా గేటు లోపల నిద్రపోతుంది, నేను మాత్రం రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళ్తాను. వచ్చే నెల లైసెన్సు పరీక్ష పాసైతే నా అంతట నేనే వెళ్ళొచ్చు. అయితే పరీక్షకి ఎప్పుడు వెళ్ళాలో ఆయనే చెప్తారట.

మనిషి మంచివాడే. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది, దాని కోసం నేనింకా జోకులు వేస్తూనే ఉన్నాను. కానీ కారులో నా పక్కన కూర్చోగానే ఆ సొట్ట మాయమైపోయి, ఆ సీట్లో వాళ్ళ నాన్న ప్రత్యక్షమవుతారు. మా ఆయన దగ్గరున్న పాఠమంతా ఒకటే మాట: తొక్కు. క్లచ్ అయినా తొక్కే, బ్రేకైనా తొక్కే, యాక్సిలరేటరైనా తొక్కే. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి సరిగ్గా మూడు పెడళ్ళు దొరికాయి. ఏది తొక్కాలండీ అంటే, "ఆ మాత్రం గొంతును బట్టి తెలీదా?" అంటారు. తెలుస్తుంది. గొంతు పెద్దదైతే తప్పు నాది.

డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. వేగం పెరిగినా తగ్గినా, మలుపు తిరిగినా అన్నీ త్వరణమేనని ఒకసారి చెప్పబోతే, "బ్రేకేస్తే త్వరణమేంటే, పుస్తకాల పిచ్చీ" అని ముద్దుగా ఒక మొట్టికాయ వేశారు. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. మగవాళ్ళకి మినహాయింపు ఉందని ఏ పాఠంలోనూ చదవలేదు. ఈయన మాత్రం తను నడిపేటప్పుడు ముందు బండి నంబరు ప్లేటు మీది మురికి కూడా కనపడేంత దగ్గరగా పోనిచ్చి, ఒక్కసారిగా బ్రేకు కొడతారు. వెనక సీట్లో అత్తయ్య తల ముందుకొచ్చి వెనక్కి పోతుంది. "చూసి నేర్చుకో" అంటారు నాతో. చూశాను, అందుకే అలా నేర్చుకోలేదు. జామకాయ పండిందో లేదో నొక్కి చూసినట్టు నొక్కితే చాలు, యాక్సిలరేటరు నా మాట వింటుంది. రెండో గేరు పడుతున్నప్పుడు అరచేతికి తెలిసే ఆ చిన్న 'టక్' కోసం వారమంతా ఎదురుచూస్తాను.

పోయిన ఆదివారం కూడలి దగ్గరికి వస్తుంటే పక్క రోడ్డులోంచి సైకిలు మీద ఒకావిడ కనపడింది. వెనక సీటు మీద చిన్నపిల్ల. నేను ముందే యాక్సిలరేటరు మీంచి కాలు తీసి బ్రేకు మీద పెట్టాను. "తొక్కు" అని అరిచారు ఈయన. తొక్కాను. కారు ఆగింది. సైకిలావిడ దాటుతూ తలూపింది, పిల్ల చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

"చేతులూపడం ఒకటా? ఆవిడ వచ్చేలోపు దాటెయ్యమంటే ఆపి కూర్చుంటావా? వెనక హారన్లు విను. నా పరువు తీశావ్."

"మీరు తొక్కమన్నారు, తొక్కాను."

"నేనన్నది యాక్సిలరేటరు."

మొగుడి గొంతును బట్టి తెలుసుకునే ఇల్లాలినే అయ్యుంటే, ఆ పిల్ల చెయ్యి ఊపేది కాదు.

ఇంటికొచ్చాక హాల్లో విచారణ. "స్టీరింగంటే గరిటె తిప్పినట్టు కాదురా" అన్నారు మామయ్య, ఆ రెండూ ఎప్పుడూ తిప్పని మనిషి.

"ఎవరికైనా తగిలిందా?" అంది అత్తయ్య.

"లేదమ్మా" అన్నారు ఈయన.

"మరి ఆగితే ఏం అరిగిపోయింది?"

"నీకు తెలీదు, ఊరుకో."

ఆవిడ ఊరుకుంది. ఆ పనిలో ఆవిడకి చాలా అనుభవం. ఈయన నా వైపు తిరిగి తీర్పు చెప్పారు. "ఈ సంవత్సరానికి పరీక్ష వద్దులే. నా మాట వినడం వచ్చాక చూద్దాం."

వినడం వచ్చాకట. నడపడం వచ్చాక అనలేదు. సాయంత్రం ఆయనకిష్టమైనట్టు చక్కెర తక్కువేసి టీ ఇచ్చి, అదే సోఫాలో ఆయన భుజానికి ఆనుకుని, ఫోనులో డ్రైవింగు స్కూలు వెతికి చేరిపోయాను. విషయం చెప్తే కాసేపు మూతి ముడిచి, "సరే, నేనూ వస్తాను. ఎంతవరకు నేర్పానో వాళ్ళకి చెప్పాలిగా" అన్నారు.

స్కూల్లో నేర్పే ఆవిడది మా అమ్మ వయసు. తాళాలు నా చేతిలో పెడుతూ అడిగింది. "ఇంతకు ముందు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నావా అమ్మా?"

నా పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"లేదండీ" అన్నాను. "నాకెవరూ నేర్పలేదు."