బసప్ప రబ్బరు బండి

బసప్ప ఎద్దును కొనేటప్పుడు చూడాలి. పళ్లు లెక్కపెట్టి, మూపురం నిమిరి, తోక ఎత్తి కూడా ఓసారి తొంగి చూస్తాడు. అంతటివాడు జహీరాబాద్‌లో బండికి పాత లారీ టైర్లు కొనబోయి నిగనిగ చూసి బోల్తా పడ్డాడు. ఎడ్ల సంతలో లాగా తువ్వాల కింద వేళ్లు పట్టి బేరమాడి, ఎద్దు పిర్ర చరిచినట్టు టైరును చరిచి, నారాయణఖేడ్‌కు తెచ్చాడు.

భార్య సిద్ధలింగమ్మ టైరును వేలితో రుద్దింది. వేలికి మసీ ఆముదమూ అంటుకున్నాయి.

"ముసలెద్దు కొమ్ములకు రంగేసి అంటగట్టిండు గదయ్యా! ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ. లోపట చూడు, పోగులు లేస్తున్నయి."

"నీకేం ఎరుకనే? గీ చుట్టుపక్కల రబ్బరు బండి ఎవనికున్నది?"

సిద్ధలింగమ్మ జాతరల్లో గాజులమ్ముతుంది. పోయినేడు ఇనుప పట్టాల బండి గతుకులకు బోరంచ జాతరకు చేరేసరికి సగం గాజులు ముక్కలయ్యాయి. ఈసారి ఆమె ఖరాకండిగా చెప్పింది: "ఒక్క గాజు పగిలినా ఇగ మా అన్న బండ్లెనే పోత." ఆ అన్న మాణిక్యప్ప. బావమరిది నోట్లో పడడం కన్నా బావిలో పడడం నయం బసప్పకు.

జాతర నాడు పొద్దున్నే పంపు పట్టాడు. ఇనుప పట్టా ఎంత బిగిస్తే చక్రానికి అంత బలం. రబ్బరుకూ అదే లెక్క అనుకుని, వేలు నొక్కితే రాయిలా తగిలేదాకా గాలి కొట్టాడు.

"సాకు, సాకు!" ఇక చాలని కన్నడంలో మొత్తుకుంది సిద్ధలింగమ్మ. "ఎండకు గాలి పొంగుతది. ఆవిరెక్కువైన రొట్టె పగలదా?"

"టైరుకు రొట్టెకు ఏం చుట్టరికమే?"

పైగా బండి తేలిగ్గా నడుస్తోందని కంది బస్తాలు కూడా ఎత్తాడు.

దారంతా గాజులు కిమ్మనలేదు. బసప్ప మీసం కిందికి దిగలేదు. మిట్టమధ్యాహ్నం సిద్ధలింగమ్మ దిగి, చెయ్యి టైరుకు ఆనించి చటుక్కున తీసుకుంది.

"పెనం లెక్క కాల్తున్నది. నీడకాపి జర గాలి తియ్యి."

"బోరంచ కనబడుతుంటే ఆపుమంటవేందే? ఆడ మీ అన్న చూస్తుండు!"

ఆమె బండిలోంచి గాజుల గంప దించి నెత్తికెత్తుకుంది.

"నడువు నడువు! నీకన్న ముందుగాల పోయి కూసుంట," అని అరిచాడు బసప్ప.

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. జాతరలో అడుగుపెడుతూనే, మాణిక్యప్ప కళ్లముందే, ఢామ్మని టైరు పేలింది. తుపాకీ అనుకుని మగవాళ్లు బోర్లా పడ్డారు. బలికి తెచ్చిన మేకలు తాళ్లు తెంపుకున్నాయి. పూనకంలో ఊగుతున్న రుక్కమ్మ టక్కున ఆగి, "ఎవన్ని కాల్చిన్రు?" అని అడిగింది. ఎడ్లు కాడి విదిలించుకుని పరుగో పరుగు. చినిగిన బస్తాల కందుల కుప్పలోంచి బసప్ప తల ఒక్కటే బయటికొచ్చింది.

"బావా, బండ్లె ఫిరంగి గూడ తెస్తివా?" అన్నాడు మాణిక్యప్ప.

అప్పటికి సిద్ధలింగమ్మ గంపతో వచ్చింది. బసప్ప చెవిలో కందులు దులుపుకుని, లేచి, గంపలోకి తొంగి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"చూడుర్రి అందరు! ఒక్క గాజన్న పగిలిందా? మాటంటే మాటే. వచ్చే జాతరకు గూడ నా బండే!"

సిద్ధలింగమ్మ గంప దించి, కొంగుతో చెమట తుడుచుకుంది.

"సరే తియ్యి. ఇగ టైర్లు నేను చూస్త. నువ్వు ఎడ్లను చూసుకో. ముందుగాల అవి ఏడున్నయో చూడు."